వాసన ఇంకా రాలేదు

ఎండు రొయ్యల దగ్గర గొడవ పడకపోయి ఉంటే అక్తర్ బేగంకు కరోనా వచ్చిన సంగతి అంత తొందరగా బయటపడేది కాదు.

కరోనా వచ్చిన మొదటి ఏడు, బక్రీద్ వెళ్ళిన వారం. నరసరావుపేట బరంపేటలో వాళ్ళ సందు మొదట్లో అడ్డంగా కట్టిన వెదురు బొంగులు అప్పుడే విప్పారు. పెద్దకొడుకు అక్రం బజారుకు వెళ్ళి ఎండు రొయ్యలు తెచ్చి వంటింటి గట్టు మీద పెట్టాడు. అక్తర్ బేగం పొట్లం విప్పి, గుప్పెడు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. పొట్లం తిరగేసి ఇంకోసారి పీల్చింది.

"ఏందిరా ఇవి? వాసనే లేదు. పాతయి అంటగట్టాడు నీకు. పో, వాడి మొహాన కొట్టి మంచియి తీసుకురా."

"ఇల్లంతా గుప్పుమంటంటే వాసన లేదంటావేంది అమ్మీ?"

"నీకేం తెలుసురా రొయ్యల సంగతి? పుట్టినప్పట్నించీ తినటమేగా నువ్వు చేసింది. పో."

అక్రం గొణుక్కుంటూ వెళ్ళాడు. కొట్టతను సంగతంతా విని, పొట్లం వైపు చూసి, అక్రం వైపు చూసి, గడ్డం కింద వేలాడుతున్న మాస్కును ముక్కు మీదికి లాక్కున్నాడు.

"అబ్బాయ్, ఈటికి వాసన రాలేదందంటే తేడా రొయ్యల్లో లేదు. ముందు మీ అమ్మను టెస్టుకు తీసకపో. నువ్వు కూడా కాస్త ఎనక్కి జరుగు."

కొట్టతను చెప్పిందే నిజమైంది. ఇంట్లో నలుగురూ ముక్కులో పుల్ల పెట్టించుకుంటే అక్తర్ బేగంకు మాత్రమే పాజిటివ్ వచ్చింది. భర్త అబ్దుల్ మజీద్‌కు లేదు. వినుకొండ రోడ్డులో మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. అక్రం ఆయన దగ్గరే పని చేస్తాడు. చిన్నవాడు సాదిక్ ఇంజినీరింగ్ చదువుతూ, కాలేజీ మూసేయటంతో ఇంట్లో మంచం మీదే పడుకుని ఫోన్‌లో పాఠాలు వింటున్నాడు. వాళ్ళిద్దరికీ లేదు.

ఫోన్‌కు మెసేజీ వచ్చినప్పుడు అక్తర్ బేగం నోటి వెంట వచ్చిన మొదటి మాట, "మినప్పప్పు నానబోశానే! ఎవరు రుబ్బుతారు?" అని. ఆ తరువాతే గడప మీద కూర్చుండిపోయింది. ఒళ్ళు వెచ్చగా ఉండటం, నడుం లాగటం తెలుస్తూనే ఉన్నా పండగ పనుల అలసట అనుకుంది ఇన్నాళ్ళూ.

సాయంత్రానికి ఏఎన్ఎం శేషారత్నం వచ్చింది. ఆ వార్డులో ఎవరికి సూది వెయ్యాలన్నా, ఎవరింట్లో పురుడొచ్చినా ఆమే. గేటు బయటే నిలబడి మందుల కవరూ, వేలికి తగిలించుకునే ఆక్సీమీటరూ గోడ మీద పెట్టి, సందంతా వినపడేలా చెప్పింది.

"అక్తర్ బీ, భయపడేదేం లేదు. పైన గది ఉందిగా, అక్కడికి మారిపో. ఇది వేలికి పెట్టుకుని పొద్దునా సాయంత్రం చూసుకో. తొంభై నాలుక్కి దిగిందంటే ఏ టైమైనా సరే నాకు ఫోన్ కొట్టు. ఆవిరి పట్టు, బోర్లా పడుకో, ఊపిరి నిండా పీల్చి వదులు. జొరం తగ్గినాక డాబా మీద మెల్లగా నడు. టైముకు తిను. మిగతా టైమంతా నిద్రపో. ఇంక ఏ పనీ ముట్టుకోవద్దు."

"ఏ పనీ అంటే?" అని అడిగింది అక్తర్ బేగం, నిజంగానే అర్థంకాక.

"ఏ పనీ అంటే ఏ పనీ కాదు."

ఆ మాట ఆమెకు పెళ్ళయ్యాక ఎవరూ చెప్పలేదు. పురుళ్ళప్పుడు కూడా పక్కలో పిల్లను వేసుకుని చింతపండు పిక్కలు తీసిన మనిషి. ఒక దుప్పటీ, దిండూ, నమాజు చేసుకునే జానిమాజూ, ఫోన్ ఛార్జరూ చంకన పెట్టుకుని మెట్లెక్కుతుంటే కింద నిలబడిన ముగ్గురు మగవాళ్ళూ ఆమెను విమానం ఎక్కిస్తున్నట్టు చేతులూపారు.

పైగదిలో ఇదివరకు ఒక టీచరమ్మ అద్దెకుండేది. ఆమె ఖాళీ చేశాక మజీద్ దాన్ని మెల్లమెల్లగా షాపు సామాన్ల గదిగా మార్చేశాడు. ఒక మూల కాలిపోయిన మోటార్లు, ఇంకో మూల రాగి తీగ చుట్టలు, వార్నిష్ డబ్బాలు, ఒక పాత కూలరు. మధ్యలో మంచం. స్నానాల గది మాత్రం పక్కనే ఉంది.

మొదట్లో ఆమెకు చాలా భయమేసింది. జ్వరం కన్నా ఫోన్ ఎక్కువ కాల్చేసింది. ఎవరు పలకరించినా మొదట "ఎట్టా ఉంది?" అని, ఆ వెంటనే "మావాళ్ళల్లో ఫలానా ఆయన నిన్నటిదాకా బాగానే ఉన్నాడంట, తెల్లారేసరికి..." అని మొదలుపెట్టేవారు. గురజాలలో ఉండే అక్క అయితే ఊపిరి తీసుకోకుండా ముగ్గురి చావు కబుర్లు చెప్పి, చివర్లో "నువ్వు మాత్రం ధైర్యంగా ఉండు" అంది. ఆ ఫోన్ పెట్టేశాక అక్తర్ బేగం ఆక్సీమీటరు వేలికి తగిలించుకుని తియ్యనేలేదు. ఒక వేలు నమ్మకం కలిగించకపోతే ఇంకో వేలికి మార్చింది. ఎడమచేతి చిటికెన వేలు తక్కువ చూపించిందని శేషారత్నానికి ఫోన్ చేసింది.

"గోరింటాకు ఉందా ఆ గోటికి?"

"ఉంది, పండక్కి పెట్టుకున్నాను."

"గోరింటాకున్న ఏలికి పెడితే అట్టాగే తప్పు చూపిచ్చిద్ది. మంచి ఏలికి పెట్టుకో, రోజుకి రెండుసార్లే. ఇంకో మాట చెప్తన్నా విను. చావు కబుర్లు చెప్పేవాళ్ళ ఫోన్లు ఎత్తమాక. నీకిచ్చిన మాత్రల్లో ఆ మాత్ర లేదు."

అక్తర్ బేగం ఆ మాట గట్టిగా పట్టుకుంది. మరునాడు అక్క ఫోన్ చేసి గొంతు సవరించుకోగానే, "ఆపా, బతికినోళ్ళ సంగతి ఏదన్నా ఉంటే చెప్పు. లేకపోతే ఏం కూర వండావో చెప్పు" అంది. అప్పుడు అక్క, తన మనవడు మాస్కు తియ్యకుండానే నీళ్ళు తాగబోయిన వైనం చెప్పుకొచ్చింది. ఇద్దరూ దగ్గొచ్చేదాకా నవ్వారు. దగ్గు రాగానే ఇద్దరూ హడలిపోయి ఫోన్లు పెట్టేశారు.

కింద ఇంకో యుద్ధం జరుగుతోంది. ముగ్గురిలో ఎవరికీ వంట రాదు. మాచర్లలో కాపురం ఉంటున్న కూతురు ఫర్హీన్ వీడియో కాల్‌లో వండిస్తోంది. ఆ అరుపులు మెట్ల మీదుగా పైకి వినిపించేవి.

"అబ్బాజాన్! ఫోన్ కుక్కర్ వైపు తిప్పు. నేను చూడాల్సింది నీ గడ్డం కాదు."

"విజిల్ రావట్లేదమ్మా."

"విజిల్ పెట్టారా అసలు?"

కాసేపు వెతికే చప్పుళ్ళు. ఆ తరువాత సాదిక్ గొంతు, "ఇదేందిరా, విజిల్ అంట్ల తొట్లో ఉంది!"

మొదట పైకొచ్చిన అన్నం గరిటెకు జిగురులా అంటుకుంది. ఇంకో పూట వచ్చింది పళ్ళెంలో గలగలలాడింది. ఎలాగూ రుచీ పచీ తెలియని నాలుక కాబట్టి అక్తర్ బేగం అన్నీ తినేసి, "బాగుంది" అనేది. ఆ మాటకు మజీద్ పొంగిపోయేవాడు.

ఆ పొంగులోనే ఆయనకు లిఫ్టు ఆలోచన వచ్చింది. క్యారేజీ మెట్ల మీద పెట్టి రావటం ఆయనకు నామోషీగా అనిపించింది. మోటార్ల మనిషి పెళ్ళానికి అన్నం చేత్తో మోసుకెళ్ళటమేంది? పిట్టగోడకు కప్పీ బిగించి, తాడు వేసి, దాన్ని ఒక పాత మోటారుకు తగిలించాడు. తండ్రీ కొడుకులు ఒక పొద్దంతా కొలతలు వేశారు. స్విచ్చి అక్రం చేతికిచ్చి మజీద్ కేక పెట్టాడు. "ఏమే అక్తరూ, చూస్తా ఉండు! బోయినం దానంతటదే వస్తంది!"

దానంతటదే వచ్చింది. తారాజువ్వలా వచ్చింది. క్యారేజీ పిట్టగోడ దాటి, కప్పీకి ఠంగున కొట్టుకుని, తలకిందులై, అందులోని పప్పుచారంతా పక్కింటి డాబా మీద ఆరేసిన తెల్లటి పంచె మీద పడింది. ఆ పంచె ధనుంజయరావుది. ఆయన భార్య సీతమ్మ బట్టలు తీయటానికి అప్పుడే పైకొచ్చింది.

"వదినా," అంది సీతమ్మ, పంచె వైపూ, ఇంకా గిరగిరా తిరుగుతున్న గిన్నె వైపూ చూసి, "మీ ఇంట్లో ఇయ్యాల పప్పుచారా?"

అక్తర్ బేగం మాస్కు మీద చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వి నవ్వి పిట్టగోడ పట్టుకుని అక్కడే కూర్చుంది. కింద నుంచి మజీద్, "అందిందా?" అని అడుగుతూనే ఉన్నాడు.

ఆ రోజు నుంచి మోటారు లేకుండా తాడు చేత్తోనే లాగారు. ఆ రోజు నుంచే సీతమ్మ కూడా సాయంత్రాలు డాబా మీదికి రావటం మొదలుపెట్టింది. ఏళ్ళ తరబడి పక్కపక్క ఇళ్ళలోనే ఉన్నా ఇద్దరూ మాట్లాడుకుంది కొళాయి దగ్గరా, కూరగాయల బండి దగ్గరా మాత్రమే. ఇప్పుడు రెండు డాబాల మధ్య సందు వెడల్పు దూరం పెట్టుకుని, వీళ్ళ డాబా మీద ఈమె, వాళ్ళ డాబా మీద ఆమె, ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ మాట్లాడుకునేవారు. మలుపు దగ్గర ఒకరి మాట ఇంకొకరికి వినిపించక, మళ్ళీ ఎదురుపడేదాకా ఆగి, వదిలేసిన చోటు నుంచి అందుకునేవారు. దూరంగా కోటప్పకొండ మీద మబ్బు దిగితే ఇద్దరూ నిలబడి చూసేవారు. ఆ కొండ అక్కడ ఉందని అక్తర్ బేగంకు తెలుసు. చూడటానికే ఎప్పుడూ తీరలేదు.

జ్వరం పోయింది. నడుం నొప్పి పోయింది. కళ్ళ కింద నలుపు తగ్గిందని ఫర్హీన్ ఫోన్‌లో చూసి చెప్పింది. మధ్యాహ్నం పూట నిద్ర అంటే ఎట్లా ఉంటుందో ఆమెకు తెలిసింది. లేచాక ఎవరూ "టీ ఏదీ" అని అడగరు. టీ దానంతటదే తాడు మీద పైకొస్తుంది, సగం ఒలికి.

ఒకరోజు పొద్దున్నే ఆమె పక్క మీద ఒత్తిగిలింది. వెంటనే "ఛీ" అనుకుంది. దుప్పటి చెమట కంపు, దిండు తలనొప్పి మందు కంపు, గదంతా వార్నిష్ కంపు. ఇంత కంపులోనా నేను పడుకుంటున్నది అనుకుని లేచి కూర్చుంది. అప్పుడు తట్టింది. వాసన వచ్చింది! "అల్లా!" అనుకుని బయటకు పరిగెత్తింది. సీతమ్మ వంటింట్లోంచి ఆవాలు, కరివేపాకు తాలింపు ఘుమఘుమ లేచి ముక్కు నిండా దూరింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెట్ల దగ్గరకు వెళ్ళి, "ఏవయ్యా!" అని కేక వేసింది.

కింద నుంచి, "ఏందే? టీ పెడతన్నా, ఆగు," అని మజీద్ గొంతు.

ఆమె నోరు తెరిచి అలాగే నిలబడింది. చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. మెట్ల కింద వంటింటి గుమ్మం కనిపిస్తోంది. గుమ్మం పక్కన అంట్ల తొట్టి అంచు కనిపిస్తోంది. తొట్టిలో ఉండాల్సిన గిన్నెలు గోడ ఎత్తున లేచి ఉన్నాయి.

"ఏం లేదు," అంది. "చక్కెర కాస్త ఎక్కువెయ్యి."

అబద్ధం ఆడలేదు, చెప్పలేదంతే, అని తనకు తాను సర్దిచెప్పుకుంది. పైగా అన్ని వాసనలూ వచ్చాయో లేదో ఎవరు చూశారు? లవంగం వాసన ఇంకా పరీక్ష చెయ్యనేలేదు.

ఆ వారంలోనే శేషారత్నం గేటు దగ్గరకు వచ్చి పైకి చూసింది. "అక్తర్ బీ, నీ టైం అయిపోయింది. ఇంక కిందికి దిగొచ్చు. వాసన వచ్చిందా?"

అక్తర్ బేగం కోటప్పకొండ వైపు చూస్తూ, "ఇంకా రాలేదు," అంది. ఈసారి మాత్రం అబద్ధమే.

"కొంతమందికి నెల కూడా పట్టిద్ది. దానికీ కిందికి దిగటానికీ..."

"నెలా?" అన్నాడు మజీద్ గుమ్మంలోంచి, మిగతా మాట విననే వినకుండా. "అయితే నెలా పైనే ఉండనీ. తొందరేముంది? మేం చేసుకుంటన్నాంగా."

శేషారత్నం అతన్ని చూసింది, తలెత్తి అక్తర్ బేగంను చూసింది. ఏం కనిపించిందో ఏమో, "నీరసం పోయేదాకా రెస్టు మంచిదే," అనేసి స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

మజీద్ ఆ మాటన్నందుకు అక్తర్ బేగంకు ఆ పూటంతా అన్నం సయించలేదు. తిట్టి రమ్మన్నా బాగుండేది. సాయంత్రం నడుస్తూ సీతమ్మ నెమ్మదిగా అడిగింది.

"వదినా, నిన్న నేను మిరపకాయలు ఏయిస్తంటే నువ్వు ఆపకుండా తుమ్మావు."

అక్తర్ బేగం నడక ఆపింది. "ఎవరికన్నా చెప్పావా?"

"నేనెందుకు చెప్తాను? ఈ కాస్త నడకా, మాటా నాకూ పోతయ్యి." సీతమ్మ పిట్టగోడ మీదికి వంగి గొంతు తగ్గించింది. "మా ఆయన ఇంట్లో కూర్చున్న కాడి నుంచీ గంటకో టీ, పూటకో పలారం. నిజం చెప్తన్నా, నీకొచ్చిందని తెలిసిన రోజు పాపం అనుకున్నా. ఇప్పుడు ఈ డాబా మీద నిన్ను చూస్తంటే... ఒకసారి ఇటు తిరిగి తుమ్మరాదూ?"

"తోబా, తోబా!" అంటూ అక్తర్ బేగం చెంపలు వేసుకుంది. మళ్ళీ ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

శుక్రవారం వచ్చింది. మజీద్ ఆ రోజు పెద్ద సాహసానికి దిగాడు. నోటికి రుచి తెలియక పెళ్ళాం చిక్కిపోతోందని (ఆమె నిజానికి కాస్త ఒళ్ళు చేసింది) దమ్ బిర్యానీ వండి, ఆ ఘాటుతోనే ముక్కు తెరిపిస్తానని పంతం పట్టాడు. మాంసం తానే వెళ్ళి దగ్గరుండి కొట్టించుకొచ్చాడు. ఫర్హీన్ పొద్దుటి నుంచి ఫోన్‌లోనే ఉంది. గిన్నెకు పిండి చుట్టూ అంటించి మూత వేశాక, "కింద పెనం పెట్టి సన్నని సెగ మీద ఉంచండి" అని చెప్పి పెట్టేసింది. మజీద్ స్నానానికి వెళుతూ పెనం సంగతి అక్రంకు చెప్పాడు. అక్రం నమాజుకు బట్టలు ఇస్త్రీ చేసుకుంటూ సాదిక్‌కు చెప్పాడు. సాదిక్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని క్లాసు వింటూ తల ఊపాడు.

డాబా మీద అక్తర్ బేగంకు ముందు నెయ్యి, పుదీనా వాసన వచ్చింది. పర్వాలేదే, మనిషికి చెయ్యి కుదిరింది అనుకుంది. కాసేపటికి మసాలా. ఇంకాసేపటికి, ఆ మసాలా అడుగున సన్నగా ఇంకోటి. ఆమె ముక్కుపుటాలు అదిరాయి.

"వదినా," అంది సీతమ్మ అవతలి డాబా మీద నుంచి, ఆమె మొహం చూసి. "నీకు వాసన రాదు. గుర్తుపెట్టుకో."

"గుర్తుంది," అని అక్తర్ బేగం ఇంకాస్త జోరుగా నడిచింది. కొండను చూసింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నెయ్యిలో తడిసిన బియ్యం, మంచి లేత మాంసం, కింద పొరలో నల్లగా మారుతూ ఉంటాయి ఈపాటికి. పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఆ రాగి గిన్నె అడుగు కూడా. ఇంకో చుట్టు తిరగాలని చూసింది. సగం కూడా తిరగలేకపోయింది.

"ఒరేయ్ సాదిక్! అడుగంటుతుందిరా! స్టవ్వు కట్టెయ్! కింద పెనం పెట్టలేదంట్రా గాడిదా!"

సందు చివరి దాకా వినపడింది. కింద స్టవ్వు నాబ్ టక్కున తిరిగిన చప్పుడయింది. కొద్దిసేపటికి ముగ్గురూ వరసగా వాకిట్లోకి వచ్చారు, తల నిండా సబ్బు నురగతో మజీద్, చేతిలో ఇస్త్రీ పెట్టెతో అక్రం, చెవిలో ఒక వైరు వేలాడుతూ సాదిక్. ముగ్గురూ తలలెత్తి పైకి చూశారు. పక్క డాబా మీద సీతమ్మ చటుక్కున వంగి దాక్కుంది.

"అమ్మీ," అన్నాడు సాదిక్, "కింద ఉన్న నాకే రాలేదు వాసన."

మజీద్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ మెట్లెక్కి వచ్చాడు. పై మెట్టు మీద కూర్చున్నాడు. అక్తర్ బేగం మంచం అంచున కూర్చుని చీర కుచ్చిళ్ళు సర్దుకుంది, అవి సరిగ్గానే ఉన్నా.

"ఎప్పుడొచ్చింది?"

"నాలుగైదు రోజులయ్యుద్ది."

"మరి చెప్పలేదేం? నీకు ఇంక రాదేమోనని నేను ఎంత దిగులు పడ్డానో తెలుసా?"

ఆ మాటకు ఆమెకు ఏడుపు వచ్చినంత పనయింది. "చెప్తే కిందికి రమ్మంటారుగా," అంది. "రావటం ఇష్టంలేక కాదు. మీరు లేకపోతే నాకేం తోచుద్ది? కానీ ఇక్కడ పొద్దున్నే లేస్తే ఏం వండాలా అనే ఆలోచన రాదు. మధ్యాహ్నం కునుకు పట్టిద్ది. సాయంత్రం నడుస్తా, సీతమ్మతో నాలుగు మాటలు మాట్లాడుకుంటా. ఒళ్ళు తేలిగ్గా ఉందయ్యా. బుర్ర కూడా. ఇంకొన్నాళ్ళు, ఇంకొన్నాళ్ళు అనిపిచ్చింది. తప్పే."

మజీద్ మూల ఉన్న కాలిపోయిన మోటార్ల వైపు చూశాడు. ఆ తరువాత అసలు విషయం అడిగాడు.

"మాడకముందు ఎట్టా ఉంది వాసన? మసాలా?"

"బాగుంది. పుదీనా కాస్త ఎక్కువ పడింది."

"నేనూ అదే అనుకున్నా!" అన్నాడు మజీద్, మొహం వెలిగిపోయి. "ఫర్హీనే ఇంకా వెయ్యి, ఇంకా వెయ్యి అంది."

అక్తర్ బేగం నవ్వింది. ఆయనా నవ్వాడు. నురగ ఇంకా చెవిలో ఉంది ఆయనకు.

"దిగొస్తాలే," అంది ఆమె. "కానీ పొద్దుటి టీ, పలారం మీవే. అంట్లు పిల్లోళ్ళవి. సాయంత్రం ఇల్లు కూలిపోతన్నా సరే నన్ను పిలవమాకండి. ఆ కాసేపూ నేను ఈ డాబా మీదే ఉంటా."

"ఉండు. ఎవడొద్దన్నాడు? ఈ సామానంతా షాపుకు తోలిస్తా, ఇక్కడ కుర్చీ ఏస్తా." ఆయన లేచి గొంతు పెంచాడు. "సీతమ్మా, నువ్వు కూడా లేచి నుంచోమ్మా, నడుం పట్టుకుంటది!"

పక్క డాబా పిట్టగోడ వెనక నుంచి సీతమ్మ మెల్లగా తల పైకెత్తింది. "నేను బట్టలు తీసుకుంటన్నా అన్నయ్యా," అంది, చేతిలో ఒక్క బట్టా లేకుండా.

మగవాళ్ళు ముగ్గురూ జుమా నమాజుకు వెళ్ళొచ్చాక, నలుగురూ వాకిట్లో చాప పరుచుకుని కూర్చున్నారు. బిర్యానీ అడుగు బొగ్గయింది కానీ పైపొరలు మిగిలాయి. మజీద్ వడ్డించి, తను తినకుండా ఆమె మొహంకేసి చూస్తూ కూర్చున్నాడు. ఆమె ముద్ద నోట్లో పెట్టుకుని, నిదానంగా నమిలి, "ఉప్పు తక్కువ," అంది. రుచి కూడా తిరిగొచ్చిందని అప్పుడు తెలిసి అక్రం ఈల వేశాడు. సాదిక్ పరుగున వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చాడు. పక్కింటికి ఒక గిన్నె వెళ్ళింది, పైపొరలోదే.

తినటం అయ్యాక ఆమె చాలా రోజుల తరువాత వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. స్టవ్వు మీద పప్పు మరకలు అట్ట కట్టాయి. పోపుడబ్బాలో ఆవాల అరలో జీలకర్ర, జీలకర్ర అరలో టీ పొడి. మాడిన రాగి గిన్నె తొట్టి మీద కొండలా కూర్చుని ఉంది. వెనక ముగ్గురూ ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఆమె చెయ్యి అలవాటుగా కొంగు చివర దగ్గరకు వెళ్ళింది, బొడ్లో దోపుకోవటానికి. అక్కడే ఆగింది.

"కడగండి," అంది. "నేను కాసేపు నడిచొస్తా."

ఆమె మెట్లెక్కుతుంటే కింద అక్రం, సాదిక్ ఆ గిన్నె ఎవరు తోమాలో వాదులాడుకోవటం మొదలుపెట్టారు. పైన ఎండ తగ్గి గాలి తిరిగింది. సీతమ్మ అప్పటికే వచ్చి వాళ్ళ డాబా మీద నడుస్తోంది.